కైరుప్పల తిరునాళ్ళలో అత్తిరసాల అంగడి



నేను ముప్పది నాలుగు సంవత్సరములు పిల్లలకు అక్షరములు దిద్దించిన బడిపంతులను. ఈ సాయంకాలము నేను చెప్పబోవునది బడిని గూర్చి కాదు, పిండివంటను గూర్చి. ఆస్పరి మండలములోని కైరుప్పల తిరునాళ్ళలో మా యింటి యాడువారు రెండేండ్లు అత్తిరసాల అంగడి పెట్టిరి. ఆ యంగడికి లెక్కలు వ్రాసినవాడను నేను. మొదటి యేటి నష్టమునకు ముఖ్యకారకుడను గూడ నేనే యగుటచేత, ఈ విషయమున మాటలాడుటకు నాకు కొంత యధికారము కలదని యనుకొనుచున్నాను.

మా సీమ యెఱుగని శ్రోతల కొఱకు రెండు మాటలు. గుంతకల్లునుండి రాయచూరునకు పోవు రైలుమార్గమున, ఆదోనికి ముందు ఆస్పరి యను స్టేషను వచ్చును. చుట్టును నల్లరేగడి నేలలు. ప్రత్తి, వేరుశనగ, జొన్న, కొఱ్ఱ మా పంటలు. వాన వచ్చినచో పంట, రానిచో వలస. ఆదోని, ఆలూరు తాలూకాలు 1953వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీ వఱకు బళ్ళారి జిల్లాలో నుండినవి. అందుచేత మా వంటయిండ్లలో తెలుగును కన్నడమును కలసియే యుండును. కోస్తావారి బొబ్బట్లు మాకు ఓళిగలు. వారి మరమరాలు మాకు బొరుగులు. వారి చెక్కలు మాకు నిప్పట్లు. వారి అరిసెలు మాకు అత్తిరసాలు. పేరు మారినను పాకము మారదు.

తిరునాళ్ళకు మా ప్రాంతమున కొదువ లేదు. పుష్యమాసమున ఎమ్మిగనూరులో నీలకంఠేశ్వరస్వామి జాతర. శ్రావణమాసమున ఉరుకుందలో ఈరన్నస్వామి యుత్సవములు. ఆ మాసముననే బహుళ విదియనాడు మంత్రాలయమున రాఘవేంద్రస్వామి యారాధన. విజయదశమి రాత్రి దేవరగట్టు మీద మాళమల్లేశ్వరుని బన్ని యుత్సవము. కైరుప్పల తిరునాళ్ళు ఉగాది మఱునాడు. వీరభద్రస్వామికిని కాళికాదేవికిని పెండ్లి విషయమున కలహము కలిగెననియు, ఆ కలహమునకు గుఱుతుగా ఊరివారు రెండు పక్షములుగా జీలి పిడకలతో గొట్టుకొందురనియు పెద్దలు చెప్పుదురు. కారుమంచినుండి రెడ్డి వంశమువారు గుఱ్ఱమెక్కి వచ్చి గుడిలో పూజ చేయుట యాచారము. వారి పూజ ముగిసిన పిమ్మట సమరము మొదలగును. ఆ యరగంట సేపు గాలిలో పిడకలు తప్ప మఱేమియు గానరాదు. దెబ్బ తగిలినవారు గుడికి బోయి విభూతి పూసికొందురు. తరువాత స్వామికిని దేవికిని కల్యాణము జరుగును.

మీరు నవ్వవచ్చును. పిడకయును అత్తిరసమును రెండును చేతితో దట్టినవే, రెండును గుండ్రనివే. ఇంట జేసిన వస్తువును తిరునాళ్ళకు దెచ్చుటలో కైరుప్పలవారు మాకంటె ముందున్నారని నేనే హాస్యమాడుచుంటిని. ఆ హాస్యమే మా కొంప ముంచెను.

మా చెల్లెలు భర్తను గోల్పోయి కొడుకుతో మా యింటి ప్రక్కనే యున్నది. రెండెకరముల మెట్టపొలము కలదు. మా యూళ్ళలో సంక్రాంతి దాటగానే ఇండ్లకు తాళములు పడుట మీరెఱిగినదే. మిరపకాయలు కోయుటకు గుంటూరు ప్రాంతమునకు బండ్లెక్కి పోవుదురు. ఉగాది సమయమునకో, తరువాతనో తిరిగివత్తురు. తల్లి వెంట బిడ్డ పోవును. బిడ్డ వెంట చదువు పోవును. హాజరుపట్టీలో వరుసగా సున్నలు వ్రాసి వ్రాసి నా వ్రేళ్ళు కాయలు గాచినవి. 2023 జనవరిలో ఆమె నా యొద్దకు వచ్చి యిట్లనెను:

“అన్నా, వాడు ఆరో తరగతిలో ఉన్నాడు. ఈ యేడు మిరపకోతకు పోను. నాకు అత్తిరసాలు చేయడం వచ్చు. ఉగాదికి కైరుప్పలలో అంగడి పెట్టుకుంటాను.”

నేను వెంటనే సరే యనలేదు. పంతులుగారి చెల్లెలు తిరునాళ్ళలో గూర్చుండి అమ్ముటయా యని నా మనస్సు వెనుకంజ వేసెను. మిరపతోటలో కూలికి పోయినపుడు రాని చిన్నతనము అత్తిరసము లమ్మినపుడెట్లు వచ్చునని నా భార్య యడిగెను. దానికి నాయొద్ద సమాధానము లేకపోయెను. ఆమె పొదుపు సంఘములో 5,000 రూపాయలు అప్పు దీసికొనెను.

ఇప్పుడు పాకము మాట. తెలిసినవారికి చెప్పుచున్నానని యాడువారు కోపగింపవలదు. ఇది మగవారి కొఱకు చెప్పుచున్నాను, తినుటయే గాని చేయుట వారెఱుగరు గనుక. అత్తిరసాలకు క్రొత్త బియ్యము మేలు. ఒక పగలు ఒక రాత్రి నానబెట్టి, నడుమ నీరు మార్చి, వడగట్టి, గుడ్డమీద కొంచె మారబోసి, తడి యుండగనే దంచి జల్లించవలెను. తడి పూర్తిగా నారినచో పిండి పాకమును బట్టదు. కిలో బియ్యమునకు ముప్పాతిక కిలో బెల్లము. బెల్లము కొలది నీటితో గరగించి, మట్టి దేలును గనుక వడగట్టి, మరల పొయ్యి మీద పెట్టవలెను. ఒక చుక్క నీళ్ళగిన్నెలో వేసినచో అది కరగక, వ్రేళ్ళతో దీసిన మెత్తని యుండ కావలెను. అపుడు దింపి, పిండి కొంచెము కొంచెముగా బోయుచు కలుపవలెను. నువ్వులు, గసగసాలు, ఏలకులు, నెయ్యి మీ శక్తికొలది. పాకము లేతదైనచో అత్తిరసము నూనెలో విచ్చిపోవును. ముదిరినచో మఱునాటికి రాయి యగును. ఈ రెంటి నడుమ నున్న సమయము పట్టుమని రెండు నిమిషములుండదు. మా చెల్లెలు ఆ రెండు నిమిషములలో ఎవరు పిలిచినను పలుకదు.

బెల్లము కొనుటలో గూడ మోసము కలదు. పసుపుపచ్చగా మెఱయు బెల్లము చూడ ముచ్చటగా నుండును. ఆ మెఱపు తఱచుగా హైడ్రోసు పొడి చలువ. పంచదార గలిపిన బెల్లము మఱియొక రకము; దాని పాకము ఎప్పుడు ముదురునో బ్రహ్మకైన దెలియదు. మొదటి యేట ఒక వర్తకుడు మాకు అట్టి దొకటి యంటగట్టెను. మొదటి వాయి అంతయు గట్టిపడి పోవుటచే ఇంటిలోని పిల్లలే దానిని చప్పరించి ముగించిరి. నాటినుండి మేము ముదురు రంగు బెల్లమే, ఒక్క ముక్క ఇంట పాకము పట్టి చూచిన పిమ్మటనే కొనుచున్నాము.

2023 మార్చి 22వ తేదీ ఉగాది. పదునైదు కిలోల బియ్యము, పదునొకండు కిలోల బెల్లముతో ఇంచుమించు 700 అత్తిరసాలు, అవిగాక కొన్ని నిప్పట్లు సిద్ధమయ్యెను. నూనె, నువ్వులు, కట్టెలు, బండి బాడుగ, పందిరి, స్థలపు రుసుముతో మొత్తము వ్యయము 4,300 రూపాయలు. అంగడి యెచ్చట పెట్టవలెనను ప్రశ్న వచ్చెను. ఊరి వెలుపల, బస్సులు నిలుచు త్రోవలో పెట్టుదమని మా చెల్లెలు. జనమెచ్చటనో అంగడి యచ్చటనే యని నేను. జనము గుడి యెదుట నుందురు. కావున గుడికి దగ్గఱగా పెట్టించితిని. పెద్దవాడనని ఆమె నా మాట కాదనలేదు.

మఱునాటి యుదయము అమ్మకము మందము. తిరునాళ్ళకు వచ్చినవారు అచ్చట నిలుచుండి తినునది వేడి మిరపకాయ బజ్జి, కారపు బొరుగులు, చెఱకు రసము. తీపి యడుగువారు బహు తక్కువ. మధ్యాహ్నము దాటువఱకు రెండు వందల పది అత్తిరసాలు పోయినవి. అవైనను పసిపిల్లలు మారాము చేయగా కొన్నవే. అంతలో గుఱ్ఱము వచ్చెను, పూజ జరిగెను, సమరము మొదలయ్యెను. ఎండిన పిడకలు ఒకదానికొకటి తాకి పొడి యగుచుండ ఆ ధూళి మబ్బువలె లేచి మా పందిరి మీదికి వచ్చెను. మూతలేని పళ్ళెరములలో పేర్చిన అత్తిరసాలు మూడు వందలకు పైగా నుండెను. నేను పైపంచెతో గప్పబోవునంతలోనే అంతయు ముగిసెను.

ఇచ్చట నేను సిగ్గుపడవలసిన మాట యొకటి కలదు. ధూళి యడగిన పిమ్మట నేను గుడ్డ చేతబట్టి, “పైపైన తుడిచిన పోవునమ్మా; జనమిప్పుడు తిరిగిపోవుచున్నారు, అమ్ముదము” అంటిని. మూడు దశాబ్దములకు మించి పిల్లలకు శుభ్రత నేర్పిన నోటితోనే యంటిని. మా చెల్లెలు నా వంక చూచి, “అన్నా, వీటిని నీ మేనల్లునికి పెడతావా?” అని మాత్రమడిగెను. పిమ్మట ఆ మూడు వందలును గంపలో వేసి ఇంటికి దెచ్చి ఎద్దులకు బెట్టెను. అప్పుచేసి తెచ్చిన బెల్లము ఎద్దులు నమలుచుండ ఆమె చూచుచు నిలుచుండెను. మూతగల బుట్టలో మిగిలినవి చుట్టుప్రక్కల యిండ్లకు పంచిపెట్టెను. ఆనాటి రాబడి 2,400 రూపాయలు; నష్టము 1,900.

అప్పుడు నన్ను బలుకరించిన పెద్దమనిషి యొకరు కలరు. “అయ్యవారూ, మీకీ కర్మ మేమి?” అనెను. ఆయనతో నేనేమియు ననలేదు గాని, నాకు కలిగిన చింత కర్మను గూర్చి కాదు, స్థలమును గూర్చి.

ఆ యేటి వానకాలము మమ్ము మోసగించెను. అప్పు వాయిదాలు తప్పించుటకు వీలు లేదు. 2024 జనవరిలో ఆమె కొడుకును మా యింట నుంచి గుంటూరునకు పోకతప్పలేదు. వలసపోవువారి బిడ్డలకై సీజనల్ హాస్టళ్ళను ఏర్పాటున్నను, వాడు మామ యింటనే యుందునని పట్టుబట్టెను. బడి మానలేదు. రాత్రులు మాత్రము తలగడలో ముఖము దాచుకొనెడివాడు. నేను చూడనట్లు నటించెడివాడను.

ఉగాదికి పది దినములు ముందుగా ఆమె తిరిగివచ్చెను. మిరప ఘాటునకు అఱచేతులు ఎఱ్ఱబడి పొరలు లేచియుండెను. వేడి చలిమిడి ముట్టుకొనినచో కన్నీరు వచ్చుచుండెను. “ఈ యేడు వద్దులే తల్లీ” అంటిని. “పాకము నేను చూస్తాను, తట్టడం వదినె చూస్తుంది” అనెను. అట్లే జరిగెను. ఆమె పొయ్యి యొద్ద, నా భార్య ఆకు ముందర, మేనల్లుడు చెక్కలతో నూనె యొత్తుచు. నాకు లెక్కలు మాత్రమే యిచ్చిరి. స్థలము విషయమున నా సలహా ఎవరు నడుగలేదు.

అంగడి బస్సుల త్రోవలో, వేపచెట్టు నీడను బెట్టితిమి. ఉదయమంతయు తెఱవనే లేదు. 2024 ఏప్రిల్ 10వ తేదీ మధ్యాహ్నము సమరము ముగిసి జనము వెనుదిరిగిన పిమ్మటనే మూతలు తీసితిమి. తిరునాళ్ళ వ్యాపారపు మర్మము నాకప్పుడు బోధపడెను. పోవునపుడు మనిషి తన కడుపు చూచుకొనును. తిరిగిపోవునపుడు ఇంటిలోనివారిని తలచుకొనును. ముసలితల్లికి, రాలేకపోయిన కోడలికి, నిద్రించు బిడ్డకు ఏమైన కొనిపోవలెనను తలపు త్రోవలోనే పుట్టును. అందుచేతనే బెండు బత్తాసులు, బొరుగులు, అత్తిరసాలు తిరునాళ్ళ చివరను అమ్ముడుపోవును. ఈ సంగతి నా చెల్లెలు మొదటి యేటనే చెప్పెను గదా యని మీరందురు. నిజమే.

ఈసారి సరకు తగ్గించి రకములు పెంచితిమి. పది రూపాయల అత్తిరసాలు నాలుగు వందలు, పిల్లల చేతిలోని అయిదు రూపాయల బిళ్ళకు సరిపోవు చిన్నవి రెండు వందలు, బుడ్డల యుండలు మూడు వందలు, నిప్పట్లు కొన్ని. వేరుశనగ మా పొలములో పండినదే గాన బుడ్డల యుండలలో లాభ మధికము. కొఱ్ఱబియ్యముతో గూడ కొన్ని అత్తిరసాలు చేసి చూచితిమి. 2023ను చిరుధాన్యముల సంవత్సరముగా లోకమంతయు జరుపుకొనెను గనుక వాటి పేరు జనుల నోట నానుచుండెను. అంచులు పగిలినవి గాని, మధుమేహము గలవారు వానినే యడిగి కొనిరి. బెల్లము బెల్లమేనని నేను చెప్పినను వినలేదు.

అద్దాల పెట్టె యొకటి బాడుగకు దెచ్చితిమి. తూకము పెట్టుకొనలేదు, త్రాసు గుండ్లకు ప్రభుత్వపు ముద్ర వేయింపవలెను గనుక లెక్కకే యమ్మితిమి. ఫోనుతో సొమ్ము చెల్లించు పలకను మేనల్లుడు తగిలించెను. కాని యంత జనములో ఫోనులకు సంకేత మందక చాలమంది చిల్లరకే తడుముకొనిరి. సంచిలోని అయిదు, పది రూపాయల బిళ్ళలే మమ్మాదుకొన్నవి. పాతపత్రికల కాగితములో నూనెవస్తువులు చుట్టరాదని ఆహారభద్రతా సంస్థ 2016 డిసెంబరులోనే హెచ్చరించియున్నది. అచ్చుసిరాలోని విషము నూనెకు అంటుకొనును. పలుచని ప్లాస్టికు సంచులా, 2022 జూలై 1నుండి ఒకమాఱు వాడి పాఱవేయు ప్లాస్టికు వస్తువులు పెక్కింటికి నిషేధము వచ్చినది. మేము మోదుగాకులలో చుట్టి నారతో గట్టి యిచ్చితిమి. ఆ కట్ట చూచియే కొందఱు కొనిరని నా యనుమానము. ఆకు కట్టకు దారిన పోవువాని ముక్కును బట్టుకొను గుణము కలదు.

మా ప్రక్కన గులాబిరంగు పీచుమిఠాయి యమ్మువాడొకడు నిలిచెను. అదే సంవత్సరము ఫిబ్రవరిలో తమిళనాడు ప్రభుత్వము, పీచుమిఠాయిలో రోడమిన్-బి యను బట్టల రంగు గనబడెనని దాని యమ్మకమును నిషేధించెను. మార్చిలో కర్ణాటకమును అట్టి రంగును నిషేధించెను. ఆ వార్త నేను మెల్లగా ఆ కుఱ్ఱవానికి జెప్పితిని. వాడు, “సార్, తెల్లది తెస్తే పిల్లలు ముట్టరు” అనెను. వాడును బ్రతుకుటకే వచ్చినాడు. వానితో నేను తగవు పెట్టుకొనలేదు. కాని మఱునాటి యుదయమున మా చెల్లెలు వానికి రెండు అత్తిరసాలు, ఒక బీటురూటు దుంప యిచ్చి, దీని రసముతో రంగు వేసి చూడుమని చెప్పెనట. వేసెనో లేదో యెఱుగము.

నూనె విషయమున ఆమెకును నాకును మఱల కొంత వాదము జరిగెను. మిగిలిన మూడు లీటర్ల నూనె తరువాతి వాయికి దాచుదమని నేను. నల్లబడి, నురుగు గట్టి, చిన్న మంటకే పొగ వచ్చు నూనె పనికిరాదని ఆమె. 2018 జూలై 1నుండి కాగిన నూనెలో ధ్రువసమ్మేళనములు నూటికి 25 మించరాదను నియమము వచ్చినది. ఆమె ఆ నియమమెఱుగదు, ముక్కుతో దెలిసికొనెను. ఆ నూనె బండి యిరుసులకు బోయినది.

సాయంకాలము దీపములు వెలుగువేళకు అద్దాల పెట్టె ఖాళీ యయ్యెను. రాబడి 7,650 రూపాయలు, వ్యయము 3,900, మిగిలినది 3,750. ఈ లెక్క విని సంతోషించితిరేమో, నిలుడు. రెండు నెలల మిరపకూలికి ఇది చాల తక్కువ. ఒక్క తిరునాళ్ళతో వలస ఆగునని యెవరైన జెప్పినచో నమ్మకుడు. ఆ దినమున మాకు దొరికినది ధనముకంటె పేరు. ఆకుకట్టలు ఇండ్లకు చేరినవి. ఇండ్లనుండి మాట తిరిగివచ్చినది. వైశాఖములో ఒక పెండ్లికి సారె అత్తిరసాలు రెండు వందల యొకటి. తరువాత ఒక సీమంతమునకు. శ్రావణమున ఉరుకుందకు పోవువారికి. ఇల్లు వదలకుండ, కొడుకు బడికి పోయిన వేళ చేయదగిన పని యిది. ఆహారభద్రతా శాఖలో పేరు నమోదు చేయించితిమి. 2011 నాటి నిబంధనలలో 12 లక్షల లోపు వ్యాపారమునకు ఏటికి నూరు రూపాయల రుసుము విధింపబడెను. నూరు రూపాయలకు భయపడి దాగికొను చిన్న యంగళ్ళవారు నాకు పెక్కుమంది తెలియుదురు.

2025 జనవరిలో ఊరివారు గుంటూరు బండ్లెక్కినపుడు మా చెల్లెలు ఎక్కలేదు. ఎమ్మిగనూరు జాతరకు సరకు సిద్ధము చేయుచుండెను. అచ్చట అంగళ్ళు పెక్కు దినము లుండును గనుక నిలువయుండు నిప్పట్లు, యుండలే యెక్కువ తీసికొనిపోయెను. బండి యెక్కినవారిలో ఇద్దఱు స్త్రీలు, తమ బిడ్డలను మా యింట వదలి పోయిరి. వారిలో నొకతె యడిగిన ప్రశ్న నేను పెద్దలైన మీ యెదుట నుంచుచున్నాను. “సారూ, తిరునాళ్ళలో స్థలము వేలం పాడినవారిదే గదా. మావంటివారికి గుడిపెద్దలు ఒక మూల ఇయ్యరా?” అని. ఒక్కొక్క తిరునాళ్ళలో నాలుగు గజముల చోటు, ఒక కుండెడు మంచినీరు, ధూళి రాని నీడ. ఇవి యిచ్చుట మీ చేతిలోని పని. మీలో గుడి కమిటీలలో నున్నవారు, పంచాయతీలో గూర్చుండువారు పెక్కుమంది యుందురు. మా యూరిలో ఈ ప్రశ్న నింకను ఎవరును తీర్మానముగా వ్రాయలేదు. తదుపరి సమావేశమున వ్రాయించుటకు కాగితము నేను సిద్ధముచేసి యుంచితిని.

ఈ ప్రసంగము వ్రాసికొనుచుండగా ప్రక్కయింటినుండి బెల్లము కాగు వాసన వచ్చుచున్నది. మేనల్లుడు నీళ్ళగిన్నె పట్టుకొని తల్లి ప్రక్కన నిలుచున్నాడు. పాకము చూచుట వానికి నేర్పుచున్నది. నేను పిలిచితిని, ఇద్దఱును పలుకలేదు.